మూడో ట్రాకు

మీరంతా ఇప్పుడు ఫోన్లోనే వీడియో తీసి, ఫోన్లోనే కోసి, ఫోన్లోనే లోకానికి వదిలేస్తున్నారు. మంచిదే. నేను నేర్చుకున్న కాలంలో ఎడిటింగు అంటే రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాని మీద ప్లే, ఇంకోదాని మీద రికార్డు ఒకేసారి నొక్కడం. వేలు కాస్త తడబడితే తాళి కట్టకముందే అప్పగింతలు వచ్చేవి. గొప్పకు చెప్పడం లేదు. నలభై ఏళ్లు శబ్దం మీద బతికినవాణ్ణి, ఒక మనిషి గొంతును నా చేత్తో నేనే కోసి పక్కన పారేశాను. ఎట్లా పారేశానో చెప్తే మీలో ఒకరిద్దరైనా జాగ్రత్త పడతారని రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు. మా నాయన మైకుసెట్టు పెట్టుకుని బతికినవాడు. ఉరుసయినా తిరునాళ్లయినా ఆయన హారన్లు కట్టాల్సిందే. ఆయన నాకు నేర్పిన సూత్రం ఒకటే. మైకులెన్ని ఉన్నా అన్నీ ఒకే డబ్బాలోకి రావాలి, డబ్బాలోంచి ఒకే తీగ బయటికి పోవాలి. తర్వాత మా అన్న కువైట్ నుంచి కెమెరా పంపితే నేను, మైకుసెట్టు వదలకుండానే, పెళ్లి వీడియోలకు మళ్లాను. అక్కడి సూత్రం ఇంకా సులువు. పెళ్లిలో వచ్చిన శబ్దమంతా తుడిచేసి పైన పాటలు పరచడం. పెళ్లి వీడియోలో మాటలెవరు వింటారని మా వృత్తిలో అందరి నమ్మకం. ఎన్ని ఇళ్ల అవ్వల మాటలు, పిల్లల ఏడుపులు, వంటవాళ్ల తిట్లు అట్లా తుడిచేశానో నాకే తెలియదు. ఒక్కరూ వచ్చి అడగలేదు. అడగనిదాన్ని దాచడం దేనికి అనుకునే మనిషిని నేను.

ఇక ఆ గొంతు మనిషి సంగతి. ఆయన బండలాగుడు పందేలకు వ్యాఖ్యాత. జమ్మలమడుగు పక్కన ఒక పల్లెలో కాస్త సేద్యం ఉండేది, కానీ ఆయన్ని బతికించింది గొంతే. ఎద్దుల జత బండను లాగుతుంటే, ఆ జత ఏ ఊరిదో, ఎన్నో రౌండులో ఉందో, ఎన్ని అడుగులు లాగిందో, ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలాయో ఊపిరి తీసుకోకుండా చెప్పడం ఆయన పని. లింగాలలో పందెమైనా, చక్రాయపేట పక్క పల్లెల్లో పందెమైనా ఆయన చేతికి మైకు ఇచ్చేది నేనే. అలసిపోయిన ఎద్దు ఆయన గొంతు విని ఇంకో అడుగు వేస్తుందని రైతులు అనేవాళ్లు. ఎద్దు సంగతి నాకు తెలియదు. ఆంప్లిఫయరు పక్కన కూర్చున్న నేను మాత్రం లేచి నిలబడేవాణ్ణి. పాతికేళ్ల స్నేహం మాది. ఆయన నన్ను మామా అనేవాడు, నేనూ ఆయన్ని మామా అనేవాణ్ణి. ఎవరికి ఎవరు మామో తేలకుండానే ముసలివాళ్లమైపోయాం.

పెళ్లి పనులు తగ్గిపోయిన రోజుల్లో మా వీధిలోని బట్టలంగడి వాళ్ల అమ్మాయి నా స్టూడియోకు వచ్చింది. ఇంజనీరింగు చదివి, బెంగళూరు కంపెనీకి ఇంట్లోంచే పని చేసేది. సెలవు పూట కంప్యూటర్లో లారీ ఆట ఆడి, ఆ ఆటను రికార్డు చేసి తన చానల్లో పెట్టేది. ఆటలో బరువెత్తుకున్న లారీని ఘాట్ రోడ్డు ఎక్కించాలి. అంతే. దాన్ని జనం కూర్చుని చూస్తారంటే నేను నమ్మలేదు. ఆ అమ్మాయికి ఎడిటింగు చేసేవాళ్లు కావాలి, దాంతోపాటు ఇంకో కోరిక ఉంది. పులివెందులలో వాళ్ల మేనమామ ఇంటికి పోయినప్పుడు ఒకసారి పందెం చూసిందట. ఆ వ్యాఖ్యానం చెప్పే తాతతో తన లారీకి చెప్పించగలమా అని అడిగింది.

నేను నవ్వుకుంటూనే జమ్మలమడుగు పోయి ఆయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు. ఒకటే అడిగాడు.

"లారీది ఏ ఊరు మామా?"

ఆటలో లారీకి ఊరేముంటుంది, అది ఉత్త బొమ్మ అన్నాను. ఊరు లేని జతకు తాను చెప్పనని తేల్చేశాడు. పందెంలో ఊరి పేరు ఎత్తకుండా జతను బరిలోకి దించడం ఆ రైతుకు అవమానం. ఆ నియమాన్ని ఆయన బొమ్మ లారీకి కూడా తప్పించదలుచుకోలేదు. చివరికి ఆ అమ్మాయే దారి చూపింది. ఒక్కో భాగానికి ఒక్కో లారీ, ఒక్కో లారీకి ఒక్కో ఊరు. మొదటి లారీ లింగాలది. రెండోది చక్రాయపేటది. అట్లా పదిహేను ఊళ్లు, పదిహేను భాగాలు అని ముగ్గురం కూర్చుని రాసుకున్నాం.

బట్టలంగడి మేడ మీద ఒక గది. మొదటి ఆదివారం పొద్దున ఆయన చెప్పులు గడప బయట విడిచి, మైకును తాకి కళ్లకద్దుకుని, కమిటీ పెద్దలకూ రైతు సోదరులకూ నమస్కారం చెప్పి మొదలుపెట్టాడు. గదిలో నేనూ, ఆ అమ్మాయీ, విప్పని చీరల మూటలూ తప్ప ఎవరూ లేరు. అయినా లారీ మొదటి మలుపు తిరిగేసరికి ఆ అమ్మాయి స్టీరింగు చక్రం పట్టుకుని కుర్చీ అంచుకు వచ్చేసింది. నేను లేచి నిలబడ్డాను. పాత అలవాటు.

రెండో పాత అలవాటు కొంప ముంచింది. ఆట శబ్దం, ఆ అమ్మాయి మైకు, ఆయన మైకు, మూడింటినీ మా నాయన చెప్పినట్టే ఒకే డబ్బాలోకి తెచ్చి ఒకే తీగతో కంప్యూటరుకు ఇచ్చాను. తర్వాత విని చూస్తే సరిగ్గా లారీ కొండ కొసకు చేరే చోట హారను మోగి ఆయన మాటను మింగేసింది. హారను తగ్గిస్తే మాటా తగ్గుతుంది, మాట పెంచితే హారనూ పెరుగుతుంది. ఆ అమ్మాయి విసుక్కోలేదు. అన్నంలో పప్పు కలిపేశాక మళ్లీ పప్పును వేరు చేయలేం కదా అంకుల్ అంది. ఆ భాగాన్ని మళ్లీ మొదటి నుంచి తీశాం, ఆ రోజు నుంచి మూడింటికీ మూడు ట్రాకులు. మొదటిదాంట్లో ఆట శబ్దం, రెండోదాంట్లో ఆ అమ్మాయి, మూడోదాంట్లో ఆయన. వీడియో ఒకటే ఫైలు, లోపల మూడు అరలు. దేన్ని కావాలంటే దాన్ని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, కోసుకోవచ్చు.

ఒక మాట ఆ అమ్మాయి ముందే చెప్పింది. మామూలు టీవీలో గానీ ఫోన్లో గానీ పెడితే మొదటి ట్రాకు ఒక్కటే వినిపిస్తుంది, కాబట్టి మొదటిదాంట్లో మూడూ కలిపినది పెట్టి, విడివిడిగా ఉన్నవి తర్వాత పెడదామంది. నేనే వద్దన్నాను. కలిపేది చివర్లో నేను కలుపుతాను కదా, ఇప్పుడే ఎందుకు అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇయర్‌ఫోన్లు పెట్టుకొమ్మంటే ఆయన ఒప్పుకోలేదు. లారీ శబ్దం స్పీకర్లోంచి వస్తే ఆయన మైకులోకి దూరుతుందని ఎంత చెప్పినా వినడే.

"చెవులు మూసి గొంతు తెరువంటే ఎట్ల మామా?"

చివరికి ఒక చెవికి పెట్టుకుని, ఇంకో చెవి గాలికి వదిలేసేట్టు రాజీ కుదిరింది.

చిన్న గదిలో మొదలైన పని బాగా పాకింది. శ్రావణ శనివారం గండికి పోతే ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చిన జనం ఆయన్ని గుర్తుపట్టి లారీ తాత అని చుట్టుముట్టారు. ముప్పై ఏళ్లు ఎద్దులకు చెప్తే రాని పేరు బొమ్మ లారీకి వచ్చిందని ఆయన చిరాకు పడ్డట్టు కనిపించాడు. ఫోటోలకు మాత్రం తలపాగా సర్దుకుని నిలబడ్డాడు. ఆ సంవత్సరం నా జీవితంలో అన్నిటికంటే సంతోషంగా గడిచింది. ఇప్పటికీ ఆదివారం పొద్దున మేడమెట్లు గుర్తొస్తాయి.

ఇప్పుడు నా తెలివితేటల గురించి. మూడో ట్రాకును కంప్యూటరు తెర మీద పరిస్తే ఆయన గొంతు అలలుగా కనిపించేది. వ్యాఖ్యానం చెప్పిన చోట పెద్ద పెద్ద గుట్టలు. మధ్యలో చదును నేల, సన్నటి గీతలు. ఆ సన్నటి గీతలంటే నీళ్లు తాగడం, దగ్గడం, కుర్చీ జరపడం. మొదటి రెండు భాగాలూ చెవితో విని కోశాను. మూడో భాగానికి కళ్లే చాలనిపించింది. గుట్టలు ఉంచు, చదును కోసెయ్. రోజంతా పట్టే పని గంటలో అయిపోయేది. చెవితో బతికిన మనిషిని, కంటితో పని చేస్తూ అదే నైపుణ్యమనుకుని మురిసిపోయాను.

మధ్యలో టీ తాగడానికి నేనూ ఆ అమ్మాయీ కిందికి దిగేవాళ్లం. మెట్లు దిగితే మోకాళ్లు నొప్పులని ఆయన పైనే ఉండిపోయేవాడు. రికార్డింగు ఆపేవాళ్లం కాదు. ఆపితే ఫైలు రెండు ముక్కలవుతుంది, మళ్లీ అతికించాలి, అదో తలనొప్పి. తర్వాత ఆ పావుగంట చదును నేలను ఒక్క వేటుతో తీసిపారేసేవాణ్ణి.

ఎనిమిదో భాగం నుంచి ఆయన గొంతు బొంగురుపోవడం మొదలైంది. వయసనుకున్నాను. దుమ్మనుకున్నాను. అడిగితే బీడీలు తగ్గిస్తాలే అన్నాడు. ఎడిటింగులో గరగర తగ్గించే మీట ఒకటుంది, అది కాస్త తిప్పితే గొంతు మునుపటిలా వినిపించేది. చూసేవాళ్లు ఎవరూ కనిపెట్టలేదు. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, ఆయన గొంతులోని రోగాన్ని నేను వీడియోలో నయం చేస్తూ వచ్చాను.

పదిహేనో భాగం ఆయన సొంత ఊరి లారీది. చివరి మలుపు దగ్గర ఆయన గొంతు పూర్తిగా తెగిపోయింది. ఆ అమ్మాయి హ్యాండ్‌బ్రేకు వేసి లారీని ఏటవాలు మీద ఆపేసింది. ఆటలో ఇంజను గురగురలాడుతోంది. ఆయన నీళ్లు తాగి, మైకును పెదవులకు ఆనించుకుని, మామూలుగా మాట్లాడేదానికన్నా తగ్గు గొంతుతో, అడుగు, ఇంకో అడుగు అంటూ ఆ మలుపంతా చెప్పాడు. ఆ అమ్మాయి ఆ గొంతుకు తగ్గట్టే లారీని పాకించింది. పైకి చేరాక మేమిద్దరం చప్పట్లు కొట్టాం. అదొక కొత్త పద్ధతి అనుకున్నాం. ఆయన మైకును మళ్లీ కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టాడు. మొదట్లో అద్దుకోవడమే గానీ చివర్లో అద్దుకోవడం పాతికేళ్లలో నేను చూడలేదు. చూశాను, అడగలేదు.

నెల తిరక్కముందే ఆయన్ని వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారని తెలిసింది. గొంతులో గడ్డ. స్వరపేటిక మొత్తం తీసేయాల్సి వచ్చింది. ఇంటికి తెచ్చాక చూడ్డానికి పోయాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు, మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. ఏదైనా కావాలంటే చేతిలోని స్టీలు గ్లాసును మంచం కోడుకు టక్కుటక్కుమని కొడుతున్నాడు. ఆ శబ్దానికి ఆయన భార్య వంటింట్లోంచి వస్తోంది. నన్ను చూసి నవ్వాడు. నేను పది నిమిషాలు కూడా కూర్చోలేక బస్సుకు టైమయిందని వచ్చేశాను. మళ్లీ ఏడాది పైన ఆ ఊరి మొహం చూడలేదు. స్నేహితుణ్ణని చెప్పుకునేవాడు చేయాల్సిన పని కాదది.

ఈలోగా ఆ అమ్మాయిని కంపెనీవాళ్లు ఆఫీసుకు రమ్మన్నారు. బెంగళూరు వెళ్లిపోతూ కోయని ఫైళ్లన్నీ ఒక హార్డుడిస్కులో పెట్టి నాకిచ్చింది. నేనైతే ఎప్పుడో తుడిచేసేవాణ్ణి. తాతకు గుర్తుగా ఉంటుందని మొదటి ఐదారు భాగాలు పెన్‌డ్రైవులో ఎక్కించి ఆయనకూ పంపింది. నా కుడిచెవిలో హోరు మొదలై స్టూడియో మూసేశాను. పని లేని ఆదివారాలు శానా పొడుగ్గా ఉంటాయని అప్పుడే తెలిసింది.

ఈ వేసవిలో ఒకరోజు, పనేమీ లేక, ఆయన మీద బెంగతో ఆ హార్డుడిస్కు పెట్టాను. లారీ వద్దు, ఆట వద్దు. మూడో ట్రాకు ఒక్కటే ఉంచి, మంచి చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని మొదటి భాగం నుంచి వినడం మొదలుపెట్టాను. ఈసారి కోసే తొందర లేదు. ఖాళీలన్నీ విన్నాను. ఆయన నీళ్లు మింగడం, చీరల మూట మీద చెయ్యి వేసి గుడ్డ పోగు మంచిదేనని గొణుక్కోవడం, నేను కిందికి పోయాక నా ఎడిటింగును తన మైకుకే చెప్పి వెక్కిరించడం. ఒంటరిగా నవ్వాను. ఐదో భాగంలో మేం టీకి దిగిన పావుగంట వచ్చింది. మెట్ల మీద మా అడుగులు దూరమయ్యాయి. ఫోను మీటల చప్పుడు. తర్వాత ఆయన.

"ఏమే... యాడుండావు? తిన్యావా?... ఆఁ, డాక్టరు చెప్పింది నాకు తెల్సులే. పోదాం వేలూరికి. ఈ పదైదు అయిపోనీ. వీళ్లకు చెప్పొద్దు. మామకు తెలిస్తే మైకు చేతికియ్యడు... సరేగానీ ఏమే, వంకాయ చేసినావా? వస్తాండా, పెట్టుకోని ఉండు."

ఇయర్‌ఫోను తీసేశాను. ఐదో భాగానికీ పదిహేనో భాగానికీ మధ్య ఐదు నెలలు. ఆ ఐదు నెలలూ ఈ మాటలు నా టేబులు మీదే ఉన్నాయి. నా కళ్ల ముందే సన్నటి గీతలా సాగాయి. నేను వాటిని చూసి కోశాను, వినలేదు. విని ఉంటే ఆ మధ్యాహ్నమే మైకు లాక్కుని, ఆయన్ని వేలూరు బస్సెక్కించి ఉండేవాణ్ణి. ఏడ్చాను. అరవై దాటిన మనిషి ఒంటరి గదిలో ఏడిస్తే ఎట్లా ఉంటుందో రాయలేను.

మరునాడు పొద్దున ల్యాప్‌టాపు, చిన్న స్పీకరు సంచిలో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. ఆయన వసారాలో మంచం మీదే ఉన్నాడు. చిక్కిపోయాడు గానీ కళ్లు అవే. ఏడాది రానందుకు ఏమీ అనలేడు కదా అన్న పాడు ధైర్యం కూడా నాలో ఉంది. పక్కన కూర్చుని, ఐదో భాగంలో ఏం విన్నానో, ఎట్లా కోశానో అంతా చెప్పాను. ఆయన నా చెయ్యి మీద చెయ్యేసి, ఇంక చాలన్నట్టు నొక్కాడు. గడప దగ్గర నిలబడి విన్న ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. ముందే వచ్చింటే గొంతు నిలిచేదేమోనని డాక్టర్లు అన్న మాట నిజమేనంది. తాను రోజూ పోరినా వినని మనిషి, నేను చెప్తే వినేవాడేమో, వినేవాడు కాదేమో, ఎవరికి తెలుసు అంది. ఓదార్పో నిందో తెలియలేదు. రెండూ నాకు రావాల్సినవే.

కాసేపటికి ఆమే అడిగింది.

"ఫోన్లో ఉండాయి లేన్నా, ఈయప్ప అరుపులు. ఊరంతా పెట్టుకోని వింటాది. అది మైకు గొంతు. ఇంట్లో మాట్లాడేది యాడుంది? ఆ పాప పంపినదాంట్లో ఉంటాదేమోనని టీవీకి పెట్టిస్తి. లారీ గురగుర తప్ప ఏమీ లేకపాయ."

లోపలికి పోయి పెన్‌డ్రైవు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక రుమాలులో కట్టి, పసుపు డబ్బా పక్కన దాచిపెట్టినట్టుంది, వాసన వస్తోంది. మొదటి ట్రాకులో ఆట శబ్దం ఒక్కటే ఉంచమన్న మహానుభావుణ్ణి నేనే. టీవీ ఆ మొదటి అర ఒక్కటే తెరిచింది. ఏడాది పైగా ఆయన మాట ఆ ఇంట్లోనే, పసుపు డబ్బా పక్కనే ఉంది. దాంట్లో ఏమీ లేదనుకున్నా ఆమె పారేయకుండా దాచింది, అదొక్కటే దేవుడి దయ.

ఉందమ్మా, దీంట్లోనే ఉంది అన్నాను. ఆమెకు నమ్మకం కుదిరినట్టు లేదు. టీ పెడతానని వంటింట్లోకి పోయింది. నేను పెన్‌డ్రైవును ల్యాప్‌టాపుకు పెట్టి, ఐదో భాగం తెరిచాను. మొదటి ట్రాకు ఆపాను. రెండోది ఆపాను. మూడోది మాత్రం ఉంచి, ఆ సన్నటి గీత మొదలయ్యే చోటు వెతికి పట్టుకున్నాను. ఆయన గ్లాసు చేతిలో పట్టుకుని తెర వైపే చూస్తున్నాడు. స్పీకరు పెంచి నొక్కాను.

"ఏమే... యాడుండావు?"

వంటింట్లోంచి వెంటనే జవాబు వచ్చింది. చేతినిండా పనున్న మనిషి కాస్త విసుగ్గా పలికే గొంతు.

"ఈడనే ఉండా. వస్తాండాలే."

తర్వాత లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను వీడియో ఆపాను. ఆమె చేతిలో పట్టుకారుతోనే గడప దాకా వచ్చి నిలబడింది. మంచం మీది మనిషిని చూసింది, స్పీకరును చూసింది. ఆయన గ్లాసును మెల్లగా కింద పెట్టాడు. ఆమె కళ్లు కొంగుతో తుడుచుకోలేదు, తుడుచుకోవాలన్న ధ్యాస లేదు.

"ఇంగోసారి పెట్టన్నా," అంది. "ఉండు. నేను లోపలికి పోతా."

ఆమె లోపలికి పోయేదాకా ఆగి, మళ్లీ నొక్కాను.